ఎడమ మడమ

సోమవారం పొద్దున రజిని స్టూడియోలో అడుగు పెట్టేసరికి ఆమె చోట్లో దేదీప్య నిలబడి ఉంది.

కిటికీల గోడ పొడవునా నడుమెత్తున ఒక కర్ర కమ్మీ బిగించి ఉంటుంది. బార్ అంటారు దాన్ని. కంపెనీలో డ్యాన్సర్లంతా రోజూ పొద్దున్నే దాన్ని పట్టుకునే ఒళ్ళు వేడి చేసుకుంటారు. ఆ కమ్మీ మీద ఎవరి పేరూ రాసి ఉండదు, అయినా ఎవరి చోటు ఏదో అందరికీ తెలుసు. పియానో వైపు చివరి చోటు రజినిది. డాలస్‌లో ఈ బ్యాలే కంపెనీకి ముఖ్య పాత్రలాడే ప్రిన్సిపల్ డ్యాన్సర్‌గా వచ్చిన మొదటి వారంలో ఆమె అక్కడ చెయ్యి వేసింది. అంతే, ఆ తర్వాత జ్వరమొచ్చి ఆమె రాని రోజున కూడా అది ఖాళీగానే ఉండేది. అంతకు ముందు ఆమె ఆడిన హాంబర్గ్‌లోనూ ఇదే పద్ధతి, ఆక్లాండ్‌లోనూ ఇదే. బ్యాలే వాళ్ళు ఎన్ని విషయాల్లో కొట్టుకు చచ్చినా ఈ ఒక్క మర్యాద మాత్రం ఎక్కడా తప్పరు.

"గుడ్ మార్నింగ్, రజిని ఆంటీ," అంది దేదీప్య నవ్వుతూ.

ఆంటీ! ఆ పిల్ల డాలస్ పక్కనే ప్లేనోలో పుట్టి పెరిగింది. తెలుగు మొహం కనిపిస్తే చాలు, ఆంటీ అనో అంకుల్ అనో నోట్లోంచి దానంతటదే ఊడి పడుతుంది. కంపెనీలో చేరిన రోజునే అందరి ముందూ అలా పిలిచింది. ఆంటీ అంటే ఏమిటని ఎవరో అడిగితే, మా అమ్మ వయసు వాళ్ళని అలా అంటాం అని వివరంగా చెప్పింది కూడా. ముప్పై ఎనిమిదేళ్ళ ప్రిన్సిపల్ డ్యాన్సర్‌కి నిండు స్టూడియోలో తల కొట్టేసినట్టయింది. ఆ క్షణం నుంచే దేదీప్య ఆమెకి కంట్లో నలుసు.

ఇది నా చోటు, జరుగు అని నోరు తెరిచి అడగడం పరువు తక్కువ. అడగాల్సిన అవసరమే రాకూడదు. రజిని పలకరింపుకి ముక్తసరిగా తలాడించి, రెండో చోట్లో బ్యాగ్ పడేసి నిలబడింది. స్టూడియోలో అందరూ చూశారు. అందరూ చూడనట్టే నటించారు.

పియానో పక్కన కుర్చీలో కాఫీ కప్పుతో హోల్డెన్ కూర్చున్నాడు. కంపెనీ డైరెక్టర్ ఆయనే, కొత్త బ్యాలే కడుతున్నదీ ఆయనే. ఎప్పుడూ నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తాడు కానీ, ఆయన కంట్లోంచి చిటికెన వేలు కూడా తప్పించుకోలేదని రజినికి తెలుసు.

ముందు ఎడమ చేత్తో బార్ పట్టుకుని కుడి కాలి పని. తర్వాత అందరూ వెనక్కి తిరిగి ఎడమ కాలి పని మొదలుపెట్టారు. ఇప్పుడు దేదీప్య సరిగ్గా రజిని వెనకాల ఉంది. పొడుగు పిల్ల. ఒంటి మీద వేలాడే పెద్ద స్వెటర్, కింద గుడారంలాంటి ప్యాంటు. కాళ్ళ గీత కనపడాల్సిన క్లాసుకి ఇవేం బట్టలు అనుకుంది రజిని. కానీ అంతకంటే ఎక్కువగా ఆమెని కుదిపింది ఇంకొకటి. ఆ పిల్ల కళ్ళు తన ఎడమ మడమ మీదే ఉన్నాయి. గోడ అద్దంలో స్పష్టంగా కనిపించింది.

ఎడమ మడమ. ఎవరికీ తెలియకూడనిది అదే. కాలివేళ్ళ మీద లేచినప్పుడల్లా మడమ వెనక, నరానికి లోపలగా, ఎవరో పట్టకారుతో నొక్కి పట్టినట్టు ఉంటుంది. శిశిరంలో మొదలైంది. మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఊరుకుంటుంది. కంపెనీ ఫిజియో దగ్గరికి వెళ్తే ఆ మాట సాయంత్రానికల్లా హోల్డెన్ చెవిన పడుతుంది. హోల్డెన్ చెవిన పడితే కొత్త బ్యాలే చేజారిపోతుంది.

అది పోతే ఆమెకి ఇంకేమీ మిగలదు. ఇన్ని దేశాల్లో, ఇన్ని స్టేజీల మీద రజిని చేసినవన్నీ అంతకు ముందు ఎందరో చేసి వదిలిన పాత్రలే. లైట్‌హౌస్ కాపలావాడి కూతురి కథతో వస్తున్న ఈ కొత్త బ్యాలే ఒక్కటే ఆమెని నిలబెట్టి, ఆమె ఒంటి తీరుకి తగ్గట్టు ఆమె మీదే కడుతున్నది. రేపు ఎవరు ఆడినా, మొదట ఇది రజిని కోసం కట్టారట అని చెప్పుకుంటారు. ప్రదర్శన వచ్చే నెల. ఆమె ఆడలేకపోతే ఆ పాత్రలోకి రావడానికి కవర్‌గా సిద్ధం చేస్తున్నది దేదీప్యనే.

మధ్యాహ్నం రిహార్సల్‌లో అనుమానం ఇంకాస్త ముదిరింది. తుఫాను ఘట్టంలో ఎడమ కాలి మీద దిగే గెంతు ఒకటి ఉంది. హోల్డెన్ గడ్డం గోక్కుంటూ, "దాన్ని అటు తిప్పు, కుడి మీద దిగు," అన్నాడు. ఇంకో గెంతుని పూర్తిగా తీసేశాడు. వారాలుగా ఇదే వరస. ఒకటి తిప్పడం, ఒకటి తీసెయ్యడం.

"ఎందుకు తీసేశారు? నాకేం ఇబ్బంది లేదు," అంది రజిని.

"నాకు నచ్చలేదు," అన్నాడాయన. ఆయన ఎప్పుడూ అంతకంటే పొడుగు మాట మాట్లాడడు.

పాత్రని కొంచెం కొంచెంగా కోసేస్తున్నాడు అనుకుంది రజిని. చివరికి ఎవరు ఆడినా తేడా తెలియనంత చప్పగా చేసి, అప్పుడు ఆ పిల్లని నిలబెడతాడు.

ఆఖరి ఘట్టంలో కూతురు లైట్‌హౌస్ మెట్లెక్కి దీపం వెలిగించాలి. మెట్లేమీ ఉండవు, ఎక్కడమంతా కాళ్ళలోనే చూపించాలి. అందులో ఒక్కచోట మాత్రం ఎడమ కాలి మీద నెమ్మదిగా లేవడం మిగిలింది. దాన్ని హోల్డెన్ ముట్టుకోలేదు. రజిని అక్కడికొచ్చేసరికి ఎప్పుడూ ఒక్క అర క్షణం ఆగుతుంది. ఊపిరి బిగబట్టి, నొప్పికి ముందే నమస్కారం పెట్టుకుని అప్పుడు లేస్తుంది. పియానో వాయించే ఆయన కూడా ఆమెతో పాటే ఆగడం అలవాటు చేసుకున్నాడు. ఇవాళ లేస్తూ అద్దంలోకి చూసింది. వెనక మూల దేదీప్య తన పాటికి తను అదే చేస్తోంది. సరిగ్గా అక్కడే ఆగింది. అలాగే ఊపిరి బిగబట్టింది. అప్పుడు లేచింది.

వెక్కిరిస్తోంది. రజినికి అరికాలి మంట నెత్తికెక్కింది.

*

ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌కి చేరేసరికి కోటమ్మ సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని రిబ్బన్లు కుడుతోంది. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండిపోదామని బాపట్ల నుంచి వచ్చింది. వచ్చిన కొత్తలో ఏమీ తోచక విసుక్కునేది. ఒకరోజు రజిని షూస్‌కి రిబ్బన్లు కుట్టుకుంటుంటే, ఆ కుట్టు చూడలేక లాక్కుంది. అప్పటినుంచీ ఆ పని ఆమెదే.

రజిని వంటింటి గట్టు మీద కొత్త జత పెట్టుకుని సుత్తి తీసింది. పాయింట్ షూస్ ముక్కు దగ్గర గుడ్డా జిగురూ గట్టిపడి చెక్కలా ఉంటాయి. కొట్టి, నలిపి, అట్ట వంచి, కాలికి లొంగదీసుకోవాలి. అవి స్టేజీ మీద ఒక్క సాయంత్రం నిలిస్తే గొప్ప.

"కొత్త చెప్పులు తెచ్చుకుని సుత్తితో కొట్టే జాతిని మీ దగ్గరే చూశానే," అంది కోటమ్మ. ఇది ఆమె రోజూ అనే మాటే.

రజిని కుడి దాన్ని మామూలుగా కొట్టింది. ఎడమ దాన్ని ఎక్కువ సేపు కొట్టింది. లోపలి అట్టని మడమ దగ్గర బ్లేడుతో పొట్టిగా కోసి, దూది మెత్త అతికించింది.

"ఎడమదానికే ఎందుకే అంత సేవ?"

"అమ్మా, కుట్టు చూసుకో. వేలు గుచ్చుకుంటుంది."

కోటమ్మ కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి ఊరుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నట్టు నిన్న ఇండియన్ స్టోర్‌లో మీ పిల్ల కనపడింది. దేదీప్యంట. వాళ్ళ పిన్ని ఇక్కడే ఉంటదంట. మొన్న మీ ప్రోగ్రాంలో చూసిందిగా, నన్ను ఇట్టే గుర్తుపట్టేసింది. బియ్యం మూట తనే మోసి కార్‌లో ఇంటిదాకా దింపింది పాపం. మంచి పిల్ల," అంది.

రజిని చేతిలో సుత్తి ఆగింది. "ఇంటికొచ్చిందా? నాకు చెప్పలేదేం?"

"నువ్వు మసాజ్‌కి పోయావుగా. ఐదు నిమిషాలు కూర్చుని మంచినీళ్ళు తాగింది. నీ గురించే అడిగింది."

"ఏం అడిగింది?"

"కాలెలా ఉంది అంది."

"నువ్వేం చెప్పావు?"

"నేనేం చెప్తానే? ఇంటికి రాంగానే బకెట్‌లో ఐసు పోసుకుని కూర్చుంటదమ్మా, అడిగితే కసురుకుంటది అన్నా."

రజిని సుత్తి గట్టు మీద పెట్టి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నా కాలి గురించి ఎవరు అడిగినా నీకు తెలియదని చెప్పు. ఆ పిల్లకైతే తలుపే తియ్యకు."

"బియ్యం మూట మోసిందే!"

"అందుకే మోసింది."

ఇంత చిన్న సాయంలో అంత పెద్ద కుట్ర ఎక్కడ దాక్కుందో కోటమ్మకి అంతుపట్టలేదు. దారం కొరికి, ముడి వేసి, పూర్తయిన షూని జాగ్రత్తగా టీపాయ్ మీద పెట్టింది.

*

మర్నాడు క్లాసులో మళ్ళీ అదే చోటు, అదే స్వెటర్, మడమ మీద అవే కళ్ళు. రజిని పెదవి బిగించి క్లాసు ముగించింది. రిహార్సల్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో వదిలిన మంచినీళ్ళ సీసా కోసం వెనక్కి వచ్చింది. తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల దేదీప్య ఒక్కతే ఉంది. మూలనున్న పెద్ద బుట్ట మీదకి వంగి పాత షూస్ ఏరుతోంది. మెత్తబడి పనికిరాకుండా పోయిన జతల్ని అందరూ ఆ బుట్టలో వేస్తారు. ప్రిన్సిపల్స్‌వి అయితే షూ రూమ్ వాళ్ళు తీసి, సంతకం పెట్టించి కింద షాపులో అమ్మకానికి ఉంచుతారు. ఈ మధ్య తన దగ్గరికి సంతకం కోసం ఎవరూ రావట్లేదని రజిని గమనించింది. నా పేరుకి గిరాకీ పోయింది కాబోలు, దాన్ని కూడా మెల్లగా తప్పిస్తున్నారు అనుకుని లోపల్లోపలే ఉడుక్కుంది.

ఇప్పుడు తెలిసింది. దేదీప్య ఒక జత తీసి, లోపల రాసిన పేరు చూసి, అడుగు తిప్పి చూసి, తన బ్యాగ్‌లో వేసుకుంది. ఇంకో జత తీసింది. అదీ రజినిదే.

రజిని లోపలికి వెళ్ళలేదు. నిలదీస్తే నవ్వి ఏదో ఒకటి చెప్తుంది. నేరుగా పై అంతస్తులో హోల్డెన్ గదికి వెళ్ళింది.

"ఆ అమ్మాయి నా షూస్ దొంగిలిస్తోంది," అంది తలుపు దగ్గర నిలబడే.

బ్యాలేలో ఇది చిన్న మాట కాదు. పారేసినవైనా సరే, ఇంకొకరి షూస్ మీద చెయ్యి వేశారంటే వాళ్ళని ఎవరూ నమ్మరు. అరంగుళం కత్తిరిస్తే చాలు, స్టేజీ మీద కాలు విరిగేది అవతలి మనిషిది. హోల్డెన్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు.

"నిజంగా చూశావా?"

"కళ్ళారా చూశాను. పిలిచి అడగండి."

దేదీప్యని పిలిపించారు. బ్యాగ్ భుజాన వేసుకునే వచ్చింది. రజినిని చూడగానే ఆమెకి విషయం అర్థమైపోయింది. మొహంలో రంగు మారింది.

"రజిని షూస్ నువ్వు తీసుకున్నావా?" అన్నాడు హోల్డెన్.

"అవును," అంది దేదీప్య.

"ఎందుకు?"

ఆ పిల్ల రజిని వైపు చూసింది. చాలా సేపు చూసింది. ఏదో అడుగుతున్నట్టు, అనుమతి కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది ఆ చూపు. రజిని ఆ చూపుకి గడ్డం ఎత్తింది.

"జ్ఞాపకంగా ఉంచుకుందామని," అంది దేదీప్య చివరికి. నేల చూపులు చూస్తూ చెప్పింది. అది పచ్చి అబద్ధమని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"రిహార్సల్‌లో తనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి," అంది రజిని.

హోల్డెన్ కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. కింద హైవే మీద కార్లు పోతున్నాయి. "రేపటి నుంచి నువ్వు కవర్ కాదు," అన్నాడు దేదీప్యతో. "క్లాసులో కూడా వెనక గోడ దగ్గర నిలబడు. ప్రదర్శన అయ్యేదాకా ఈ బ్యాలే రిహార్సల్‌కి రావద్దు."

దేదీప్య తలూపింది. తలుపు దాకా వెళ్ళి ఆగి వెనక్కి తిరిగింది. "సారీ, మిస్ రజిని," అంది.

మొదటిసారి ఆ పిల్ల ఆంటీ అనలేదు. ఇన్నాళ్ళూ ఎప్పుడు మానుతుందా అని ఎదురుచూసిన మాట అది. మానేశాక చెవికి ఏదో వెలితిగా తోచింది. రజిని ఆ వెలితిని పట్టించుకోలేదు. గెలిచానన్న సంబరంతో మెట్లు దిగింది. మూడో మెట్టు దగ్గర మడమ కలుక్కుమంటే రెయిలింగ్ పట్టుకుంది.

*

బుధవారం పొద్దున పియానో పక్క చోటు ఖాళీగా ఉంది. రజిని మెడ నిటారుగా పెట్టుకుని వెళ్ళి అక్కడ చెయ్యి వేసింది. దూరంగా వెనక గోడ దగ్గర దేదీప్య కనిపించింది. పెద్ద స్వెటరూ లేదు, గుడారం ప్యాంటూ లేదు. అందరిలాగే ఒంటికి అతుక్కున్న మామూలు బట్టల్లో ఉంది.

ఇదేమిటి అనిపించింది రజినికి. నిన్నటిదాకా ఆ వేషం ఎందుకు, ఇవాళ ఎందుకు మానేసింది?

కుడి కాలి పని అయింది. అందరూ వెనక్కి తిరిగారు. రజిని వీపు ఇప్పుడు హోల్డెన్ కుర్చీ వైపుంది. ఆమె వెనక ఎవరూ లేరు. కుర్చీకీ ఆమె ఎడమ మడమకీ మధ్య నాలుగడుగుల ఖాళీ నేల తప్ప అడ్డం ఏమీ లేదు. అద్దంలో హోల్డెన్ కనిపించాడు, కాఫీ కప్పుతో, నిద్రమత్తు కళ్ళతో. ఆ కళ్ళు సూటిగా కిందకే చూస్తున్నాయి. రజిని వేళ్ళ మీద లేవబోయింది. మడమ వణికింది. దాన్ని ఆపడానికి ఒళ్ళంతా బిగపట్టింది. చెమట కంట్లోకి కారింది.

నిన్నా మొన్నా ఈ పని చేస్తున్నప్పుడు ఇంత భయం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో ఆలోచించుకుంటూ కాలు దించింది. నిన్నా మొన్నా తన వెనక ఒక పొడుగు పిల్ల ఉంది. పెద్ద స్వెటర్ వేసుకుని, గుడారం ప్యాంటు వేసుకుని, సరిగ్గా కుర్చీకి అడ్డంగా నిలబడి.

ఛ, కాదు. అయ్యుండదు. రజిని ఆ ఆలోచనని అక్కడే నొక్కేసింది. అయినా ఆ రోజంతా అది చెవిలో జోరీగలా రొద పెడుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికొస్తే కోటమ్మ డైనింగ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్లు పరిచి, వాటి మీద షూస్ వరసగా పేర్చి కూర్చుంది. అన్నీ పాతవే. అన్నీ రజినివే.

"తలుపు తియ్యద్దన్నావు. తియ్యలేదు," అంది కోటమ్మ ముందే. "కిటికీలోంచే మాట్లాడా. బ్యాగ్ గుమ్మంలో పెట్టి పోయింది."

"ఎవరు?"

"ఎవరేంటి, ఆ బియ్యం మూట పిల్లే. ఏడ్చినట్టుంది, కళ్ళు వాచి ఉన్నయి. రజిని గారికి ఇచ్చెయ్యండి, ఇంక ఆ బుట్టలో వెయ్యొద్దని చెప్పండి అంది. ఇంట్లోనే పారెయ్యాలంట. షాపులో పెడితే తెలిసినోళ్ళు ఎవరన్నా చూస్తారంట."

"ఏం చూస్తారు?"

"అదే నేనూ అడిగా. మీరే చూడండి, మీకే తెలుస్తుంది అంది." కోటమ్మ ఒక జత తీసి రెండిటినీ పక్కపక్కన నిలబెట్టింది. "చూశా. తెలిసింది."

రజిని కుర్చీ లాక్కుని కూర్చుంది. కుడి షూ ముక్కు నిండుగా, సమంగా అరిగింది. ఎడమదాని ముక్కు బయటి అంచు ఒక్కటే అరిగి సిల్కు చీలిపోయింది. మడమ దగ్గర గుడ్డ ముడతలు పడి వదులైంది. ఇంకో జత తీసింది. అలాగే ఉంది. మూడోది ఇంకా అన్యాయంగా ఉంది. పారేసే ముందు దూది మెత్తలు పీకేసింది కానీ, జిగురు మచ్చలు అలాగే ఉన్నాయి. ఫిజియోని తప్పించుకుంది, డైరెక్టర్‌ని తప్పించుకుంది, కన్నతల్లిని కసిరి నోరు మూయించింది. తన షూస్ మాత్రం తన గుట్టంతా నోరు విప్పి చెప్తాయన్న ఊహే ఆమెకి రాలేదు. అలాంటి వాటిని రోజూ తీసుకెళ్ళి అందరి కళ్ళ ముందూ బుట్టలో వేసి వచ్చింది. ఆ పిల్ల రోజూ వాటిని ఏరి దాచింది.

ఇదంతా హోల్డెన్ గదిలో ఒక్క మాటలో చెప్పేసి ఉంటే దేదీప్య బయటపడేది. బయటపడటమేం, పాత్రే చేతికొచ్చేది. కవర్ తనేగా. అలాంటిది నేల చూపులు చూస్తూ అబద్ధం చెప్పి, దొంగ అనిపించుకుని వెళ్ళిపోయింది.

రజినికి సిగ్గుతో మొహం మండిపోయింది. తనమీద తనకే రోత పుట్టింది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది కోటమ్మ మెల్లగా.

"శిశిరం నుంచి."

"నాకు చెప్తే నేనేం చేసేదాన్నే? నీ డ్యాన్సు నేను ఆడతానా?" అని, కోటమ్మ లేచి వెళ్ళి బకెట్‌లో ఐసు పోసుకొచ్చింది. కూతురి ఎడమ కాలు తనే ఎత్తి అందులో పెట్టింది. రజిని ఈసారి కసురుకోలేదు.

*

మర్నాడు క్లాసుకి ముందే రజిని హోల్డెన్ గదికి వెళ్ళి, మూడు జతల పాత షూస్ ఆయన బల్ల మీద పెట్టింది.

"ఆ అమ్మాయి దొంగ కాదు. ఇవి మీ కంట పడకుండా దాచింది. నా ఎడమ కాలు పాడైంది. చాలా రోజులైంది."

హోల్డెన్ షూస్ వైపు చూడనైనా చూడలేదు. "తెలుసు," అన్నాడు.

"ఎప్పటినుంచి?" అంది రజిని.

"రిహార్సల్స్ మొదటి వారంలోనే తెలుసు. నీ గెంతులన్నీ కుడి మీదకే ఎందుకు తిప్పాననుకున్నావు?"

"నా పాత్ర కోసేస్తున్నారనుకున్నాను."

"నీ మీద కట్టడమంటే నీ దగ్గర ఉన్నదానితో కట్టడమే. నువ్వు చెప్తావని చూశాను. చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆపాల్సి వస్తుంది, ఆపడం నాకిష్టం లేదు." ఆయన ఇంత పొడుగు మాట మాట్లాడటం రజిని ఎప్పుడూ వినలేదు.

"మరి తెలిసి కూడా ఆ పిల్లని ఎందుకు గెంటేశారు?"

హోల్డెన్ బల్ల మీది షూస్ పక్కకి జరిపాడు. "తనో నేనో అన్నావు. నాకు నువ్వు కావాలి. ఆ పిల్ల అబద్ధం చెప్తే, నమ్మడం నాకు సులువైంది," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కూడా నేల చూపులే చూశాడు.

రజినికి ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద అని మండాలి? తనూ ఆయనా కలిసే చేశారు ఆ పని. "తనని వెనక్కి పిలవండి. నేను ఫిజియో దగ్గరికి వెళ్తాను. వాళ్ళు ఏం చెప్తే అది," అంది.

ఫిజియో ఏం చెప్తుందో ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నానికి అదే చెప్పింది. ఆ కాలితో వచ్చే నెల స్టేజీ ఎక్కడం కుదరదు. తర్వాత సంగతి తర్వాత చూద్దాం అంది.

రజిని బయటికొచ్చేసరికి కారిడార్‌లో దేదీప్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మామూలు వాళ్ళైతే పరుగెత్తుకొచ్చి పలకరిస్తారు. ఆ పిల్ల లేచి నిలబడింది, అంతే.

"నేను నీకు చాలా అన్యాయం చేశాను," అంది రజిని. తెలుగులోనే అంది. "క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు. నా చోట్లో నిలబడితే నా చోటు లాక్కుంటున్నావనుకున్నాను."

"మీకు చెప్దామనే అనుకున్నా," అంది దేదీప్య. "కానీ మీరు ఎవరికీ చెప్పట్లేదు కదా, నాకు తెలుసు అంటే మీకు బ్యాడ్‌గా అనిపిస్తుంది అనుకున్నా. ఊరికే అక్కడ స్టాండ్ అయ్యా."

"మెట్లెక్కే ఘట్టంలో నా లాగా ఆగేదానివి. అద్దంలో చూశాను. వెక్కిరిస్తున్నావనుకున్నాను."

"ఓ మై గాడ్, నో!" దేదీప్య కళ్ళు పెద్దవి చేసింది. "కవర్ అంటే మీరు చేసింది చేసినట్టు చెయ్యాలి కదా."

రజినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇంకనుంచి ఆంటీ అను. ఏమీ అనుకోను."

"ఆలోచిస్తా, మిస్ రజిని," అంది ఆ పిల్ల. అందులో అలక ఇంకా చాలానే ఉంది. రజిని కాదనలేదు. ఉండాల్సిందే.

*

శుక్రవారం మధ్యాహ్నం రిహార్సల్‌లో రజిని హోల్డెన్ పక్కన కుర్చీలో కూర్చుంది. కాలికి కట్టు, ఒళ్ళో చున్నీ. కంపెనీ అంతా గోడ వారగా నిలబడి ఉంది. నేల మధ్యలో దేదీప్య.

కుర్చీలోంచి చూడటం రజినికి కొత్త. తన కోసం తిప్పిన గెంతులన్నీ ఆ పిల్ల కుడి కాలి మీద తేలిగ్గా దిగుతున్నాయి. కోసేశారనుకున్న చోట్లలో ఖాళీ ఏమీ లేదు. ఆ చోట్లలో చేతులు, మెడ, వెనక్కి తిరిగి సముద్రం వైపు చూసే చూపు వచ్చి చేరాయి. తను ఆడుతున్నప్పుడు కాలి మీదే ధ్యాస ఉండి ఇదంతా చూసుకోనే లేదు. ఎంత బాగా కట్టాడు అనుకుంది.

మెట్లెక్కే ఘట్టం వచ్చింది. దేదీప్య ఎడమ కాలి దగ్గరికి వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టింది. పియానో ఆయన చేతులెత్తి ఆగాడు. అప్పుడు లేచింది.

"అది తీసెయ్," అంది రజిని వెంటనే. అందరి ముందూ తన కుంటి కాలిని ఇంకొకరు ఆడి చూపిస్తుంటే ఆమె భరించలేకపోయింది. "అది స్టెప్ కాదు. నా కాలి రోగం. నీ కాలు శుభ్రంగా ఉంది, ఆగకుండా లే."

దేదీప్య హోల్డెన్ వైపు చూసింది. ఆయన కాఫీ తాగుతూ ఊరుకున్నాడు.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి దేదీప్య ఆగలేదు. వచ్చింది, లేచింది, వెళ్ళిపోయింది. పియానో ఆయన అలవాటు కొద్దీ ఆగి, ఒక్క స్వరం ఆలస్యంగా వచ్చాడు. తప్పేమీ లేదు. కాలు అందంగానే లేచింది. కానీ తుఫానులో దీపం వెలిగించడానికి ఎక్కుతున్న పిల్ల ఎక్కడికో మాయమైపోయింది. ఎవరో పై అంతస్తులో మర్చిపోయిన బ్యాగ్ కోసం వెళ్తున్నట్టుంది. గోడ వారగా నిలబడ్డ వాళ్ళలో ఎవరూ కదల్లేదు. అందరూ చూశారు. ఈసారి ఎవరూ చూడనట్టు నటించలేదు.

రజిని కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. కుంటుతూ, దాచుకోకుండా కుంటుతూ, స్టూడియో మధ్యలోకి నడిచింది.

"ఉంచు," అంది. "అది అక్కడే ఉండాలి. కానీ నువ్వు ఊరికే ఆగుతున్నావు. ఆగితే చాలదు."

"మరి ఎలా?" అంది దేదీప్య. తర్వాత గొంతు తగ్గించి, "ఎక్కడ నొప్పి, ఆంటీ?" అని అడిగింది.

ఫిజియోకి నిన్నటిదాకా చెప్పనిది, తల్లికి చెప్పనిది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది. రజిని కుడి మోకాలు నేలకి ఆనించి నెమ్మదిగా కూర్చుంది. అందరూ చూస్తుండగా ఆ పిల్ల ఎడమ మడమ వెనక, నరానికి లోపలగా, బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకుంది.

"ఇక్కడ," అంది. "ఇప్పుడు లే."

పియానో ఆయన చేతులెత్తి ఆగాడు.